సీటు క్రింద చీకటి

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో విశ్రాంత డిపో ఎలక్ట్రీషియన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి ఇంతవరకు పెద్దలు చెప్పారు. నన్ను మాత్రం "ఇంటికి పనికివచ్చేది ఏదైనా చెప్పవయ్యా" అని కార్యదర్శిగారు ఆదేశించారు. అందుచేత ఈ రోజు కారు లోపల శుభ్రం చేసుకోవడానికి ఎటువంటి లైటు కావాలో మనవి చేస్తాను. ఇదేమి విషయం అని నవ్వుకోకండి. నవ్వవలసినది కాదని మీకే తెలుస్తుంది.

గత దసరాకు, వాహన పూజ ముందురోజు, మా అబ్బాయి కారు నేనే శుభ్రం చేశాను. అపార్టుమెంటు సెల్లారులో మిట్టమధ్యాహ్నం కూడా మసక వెలుతురే. ఎడమచేత సెల్‌ఫోను లైటు, కుడిచేత గుడ్డ. రెండు గంటలు వంగి, లేచి, "అద్దంలా ఉంది చూసుకో" అని కోడలికి చెప్పి స్నానానికి వెళ్ళాను. సాయంత్రం మనుమడు పెన్ను పడిపోయిందని కారులోకి దూరాడు. కర్రలాంటి చిన్న ఛార్జింగు లైటు ఒకటి నేలమీద అడ్డంగా పడుకోబెట్టి వెతికాడు. "తాతయ్యా, ఇదేమిటి?" అని అరచేతిలో పెట్టి తెచ్చి చూపించాడు. నాణెంలాంటి బిళ్ళ బ్యాటరీ! కారు రిమోటులో పాతది తీసి కొత్తది వేసింది నేనే. తీసిన పాతది ఎక్కడ పెట్టానో మరిచాను. అది సీటు జరిగే పట్టా ప్రక్కన పడి ఉన్నది. ఆ సీటు ముందు మ్యాటు మీదనే మా రెండేళ్ళ మనుమరాలు కూర్చుని ఆడుతుంది. దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయస్సు.

ఆ బిళ్ళ మీద సి.ఆర్. 2032 అని ఉంటుంది. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. పసిబిడ్డ మింగితే అది గొంతు దాటక ఆహారనాళంలో ఇరుక్కోవచ్చు. అక్కడి తడి వలన కరెంటు పారి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చివేయగలదు. రిమోటుకు పనికిరాని పాత బిళ్ళకు కూడా ఆ శక్తి మిగిలే ఉంటుంది. మింగినట్లు అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా తక్షణం ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. భగవంతుని దయవలన మాకు ఆ అవసరం రాలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర లేదు. డిపోలో ఉన్నన్నాళ్ళు వందల బస్సుల వైరింగు తడిమి చూసినవాణ్ణి, ఇంట్లో కారు క్రింద చూడలేకపోయాను. దీపం క్రిందే చీకటి అంటారు కదా!

తప్పు ఎక్కడ జరిగిందని ఆలోచించాను. మొదటి సంగతి మన కన్ను. అరవై ఏళ్ళ వానికి కంటి లోపలి పొరను చేరే వెలుతురు, ఇరవై ఏళ్ళ వానికి చేరేదానిలో సుమారు మూడోవంతే. మనుమడికి కనిపించినది నాకు కనిపించకపోవడంలో వింత లేదు. రెండవది లైటు పట్టిన తీరు. కంటి ప్రక్కనుంచే వెలుతురు వేస్తే వస్తువు నీడ దాని వెనుకనే దాగిపోతుంది. నేల అంతా ఒకే రంగులో చదునుగా కనపడుతుంది. లైటును నేలకు ఆనించి ప్రక్కనుంచి వేస్తే ఇసుక రేణువుకు కూడా పొడుగాటి నీడ పడుతుంది. దుమ్ము, వెంట్రుక, మాత్ర, బిళ్ళ అన్నీ లేచి నిలబడినట్లు తెలుస్తాయి.

పూర్వం వర్క్‌షాపు పిట్టులో 24 వోల్టుల హ్యాండ్ ల్యాంపు పట్టుకుని పనిచేసేవాళ్ళం. ఆ ఫిలమెంటు బల్బులో ఖర్చయ్యే శక్తిలో సుమారు నూటికి అయిదు వంతులే వెలుగు, మిగిలినదంతా వేడి. చెయ్యి తగిలితే బొబ్బే. నీలి ఎల్.ఇ.డి. వచ్చిన తరువాత తెల్లని ఎల్.ఇ.డి. దీపం సాధ్యమైంది. దానికిగాను అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ పుణ్యమే ఈనాటి చేతి లైట్లు.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను.

ఒకటి, వెలుతురు. కారు లోపలికి 300 నుంచి 500 ల్యూమెన్లు చాలు. అంతకు మించితే డ్యాష్‌బోర్డు మీద, అద్దం మీద పడి మన కళ్ళలోకే కొడుతుంది. తగ్గించుకునే స్విచ్చి ఉంటే మేలు. మొనలా దూరం కొట్టే టార్చి కాక, వెలుతురు పరచుకునే పట్టీ లైటు తీసుకోండి.

రెండు, రంగు. సి.ఆర్.ఐ. అనే అంకె అడగండి. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత అది. 100 పూర్తి, 90 దాటితే మంచిది. తక్కువ రకం లైటు క్రింద లేత రంగు సీటు మీది టీ మరక, బూజు తేడా తెలియదు. అంకె వ్రాసి లేకపోతే దుకాణంలోనే మీ అరచేతి మీద వేసి చూడండి. చెయ్యి పాలిపోయినట్లు కనపడితే వదిలేయండి. 4000 నుంచి 5000 కెల్విన్ల తెలుపు కంటికి హాయి.

మూడు, నిలబెట్టే వీలు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కొక్కెం ఉంటే పైపట్టీకి గాని, సీటు తలగడ కమ్మీకి గాని తగిలించవచ్చు. అయస్కాంతం లోపలి ప్లాస్టిక్కుకు అంటదు, తలుపు ఇనుప చట్రానికి అంటుతుంది. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు మాత్రం ఈ అయస్కాంతం లైటును ఛాతీకి కనీసం జానెడు దూరంలో ఉంచాలి, చొక్కా జేబులో వేసుకోకూడదు.

నాలుగు, బ్యాటరీ. పెట్టె మీద వ్రాసిన గంటలు నమ్మక ఇంట్లో గడియారం పెట్టి చూడండి. లిథియం సెల్లుకు ఐ.ఎస్. 16046 ముద్ర ఉన్నదో లేదో గమనించండి. మే నెల ఎండలో కారులో వదలకండి. పరుపు మీద ఛార్జింగు పెట్టకండి. తడిగుడ్డతో పని గనుక 230 వోల్టుల వైరు లైటు కారులోకి తీసుకుపోకండి.

పని క్రమం ఇది. ఒక లైటు పైన తగిలించి, పైకప్పు నుంచి క్రిందికి తుడవండి. చివర మ్యాట్లు తీసి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి, రెండవ లైటు నేలమీద పడుకోబెట్టి చూడండి. తరువాత సీటు ముందుకు జరిపి మళ్ళీ చూడండి. ఎక్కువసేపు తల వంచకండి. బి.పి. ఉన్నవారికి లేచినప్పుడు కళ్ళు తిరుగుతాయి. ఆ చివరి తనిఖీకి మనుమలను పిలవండి. వాళ్ళ కళ్ళు, మన అనుభవం కలిస్తేనే పని పూర్తవుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో పాత బిళ్ళ తీసిన వెంటనే రెండు వైపులా టేపు చుట్టి మూత డబ్బాలో వేసి, పిల్లలకు అందని చోట పెడుతున్నాను. ప్రతి ఆదివారం నేను లైటు పడుకోబెడతాను, మనుమడు వంగి చూస్తాడు. మనుమరాలు బయట నిలబడి చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు వినిపిస్తున్నంతకాలం ఈ పని నాకు బరువు కాదు.

ఇంటికి వెళ్ళగానే ఒక్కసారి సీటు క్రింద చూడమని ప్రార్థిస్తున్నాను.