మొదటివారే కానక్కర్లేదు



వ్యాపారంలో నవకల్పన అనగానే ఎవరికీ తట్టని ఆలోచన ఒకటి, అది తట్టిన మేధావి ఒకరు మనకు గుర్తుకొస్తారు. ఈ అపోహ వల్లే ఎందరో యువతీయువకులు ‘ఇది ముందే ఎవరో చేసేశారు’ అనుకుని ఆదిలోనే ఆగిపోతారు. హెపటైటిస్-బి టీకా సంగతి చూడండి. జన్యు సాంకేతికతతో తయారైన ఆ టీకా అమెరికాలో 1986లోనే వచ్చింది. మన దేశంలో మాత్రం ఆ తర్వాత పదేళ్లకు కూడా సామాన్య కుటుంబాలకు అందలేదు. దిగుమతి టీకా ఒక్కో డోసు వందల రూపాయలు పలికేది. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో ఆ కోవకే చెందిన టీకాను తయారుచేసి డోసు సుమారు 50 రూపాయలకు తెచ్చింది. జబ్బూ పాతదే, టీకా సూత్రమూ పాతదే. ఆ ధరకు దాన్ని తయారుచేయగలగడమే కొత్త.

ఇది నకలే కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. సూత్రం తెలిసినంత మాత్రాన టీకా తయారవదు. అమెరికా టీకాకు వాడిన ఈస్టు ఒకటైతే, ఇక్కడ ఎంచుకున్నది పికియా అనే మరో ఈస్టు. దాన్ని పెంచి, శుద్ధి చేసి, భద్రమని నిరూపించడానికి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి శ్రమించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) ప్రయోగశాలలు అందుకు చోటిచ్చాయి. ఒంటరి మేధావి కథలో ఈ శ్రమకూ, ఈ సంస్థలకూ తావుండదు.

అసలు ఆవిష్కరణే లేకపోతే అందించడానికి ఏముంటుందన్నది ఇంకా బలమైన ప్రశ్న. నిజమే, మూల పరిశోధన లేనిదే ఆ టీకా లేదు. కానీ ఆవిష్కరణ ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదు. తొలి డిజిటల్ కెమెరాను 1975లో తయారుచేసినవారు ఫిల్ము సంస్థ కోడక్‌లో ఇంజనీరైన స్టీవెన్ సాసనే. ఆ సంస్థ తర్వాత డిజిటల్ కెమెరాలూ అమ్మింది. అయితే ఫిల్ముపై వచ్చే లాభాలను ఆసరా చేసుకున్న వ్యాపారాన్ని సకాలంలో మార్చుకోలేక, 2012లో దివాలా రక్షణ కోరింది.

అందుకే ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు, మీ రంగంలో ఇప్పటికే ఉండి, కావలసినవారికి అందకుండా పోతున్నదేమిటో వెతకండి. అడ్డొస్తున్నది ధరా, దూరమా, భాషా, వాడే తీరా అని ఆరా తీయండి. మీ చదువు ఆ అడ్డును తొలగించగలిగితే, మీకన్నా ముందు ఎవరు చేశారన్న ప్రశ్నకు జంకకండి.