పేరు కంటె ప్రాణము ముఖ్యము



ఆత్మహత్యకు పూనుకొనుట ప్రత్యేకమైన మనోవ్యాధియా, కాదా అని వైద్యలోకమున చర్చ సాగుచున్నది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము దానిని ఇంకను పరిశీలింపవలసిన విషయముగా పేర్కొన్నది. వ్యాధిగా పేరు పెట్టినచో వైద్యులు ముప్పును తప్పక గమనింతురని కొందరందురు. అప్పు, అవమానము, కలహము మరుగునపడి, పిచ్చివాడను ముద్రయే మిగులునని మరికొందరందురు.

ఆ చర్చ ముగియువరకు గ్రామము వేచియుండరాదు. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెననియు, వేరుగా ఋజువైననే తప్ప శిక్షింపరాదనియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కావున కేసునకు జంకి ఆసుపత్రికి కొనిపోవుటలో జాగు చేయరాదు.

వరిచేలకు వాడు పురుగుమందును ఇంటింట తాళము వేసి భద్రపరచునట్లు చూడుడు. క్రుంగియున్నవారిని నిందింపక, వారి గోడు వినుడు. 14416 నంబరునకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా సలహా లభించును. వ్యాధి పేరును వైద్యులు నిర్ణయింతురు. తోటివారి ప్రాణము నిలుపుట మన విధి.