పై చదువుల దరఖాస్తులో విద్యార్థి స్వనివేదనము

(మన సంఘపు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడి గద్దె నెక్కిన వారము. విశ్వవిద్యాలయపు దరఖాస్తును గూర్చి మాటలాడుటకు మాకేమి అర్హత యని కొందరనుకొనవచ్చును. మా అర్హత యొక్కటే. కొన్ని యేండ్లుగా మన సంఘపు విద్యాసహాయమునకై వచ్చు దరఖాస్తులను చదువుచున్నాము. వానితోపాటు, మన పిల్లలు విదేశములకు పంపదలచిన కాగితములును మా కంటబడుచున్నవి. సరుకు చూచి మేలు కీడు చెప్పుట మా వృత్తి. ఆ కంటితోనే ఈ కాగితములను చూచితిమి. ఇంట మంచి సరుకుంచుకొని మన పిల్లలు ఖాళీ సంచులను పంపుచున్నారని మాకు తోచినది. ఆ సంగతి చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

మొదట, ఈ స్వనివేదనమనగా నేమి? మార్కుల పట్టిక విద్యార్థి యెంత నేర్చెనో చెప్పును. ఎందులకు నేర్వగోరుచున్నాడో, నేర్చినదానితో నేమి చేసెనో చెప్పదు. ఆ మిగిలిన సంగతిని విద్యార్థి తన మాటలతో తానే వ్రాసి పంపవలెనని కొన్ని విశ్వవిద్యాలయములు కోరును. ఇంగ్లండులో దీనిని పర్సనల్ స్టేట్‌మెంట్ అందురు. అమెరికాలో మొదటి డిగ్రీకి పోవువారు ఒక వ్యాసము వ్రాయుదురు. పై డిగ్రీకి పోవువారు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అను పేర వ్రాయుదురు. పేర్లు వేరైనను కోరునది దాదాపుగా నొక్కటే.

మన పిల్లలకు ఈ పని అలవాటు లేకపోవుటకు కారణము కలదు. తమిళనాట ఇంజనీరింగు మొదలగు వృత్తివిద్యల ప్రవేశపరీక్షను 2007లో తీసివేసిరి. నాటి నుండియు ఇంజనీరింగునకు ప్లస్ టూ మార్కులే ఆధారము. వైద్యమునకు 2017 నుండి నీట్ పరీక్ష ఆధారము. ఇందు మేలు లేకపోలేదు. సిఫారసు జాబులకు చోటులేని పద్ధతి యిది. సామాన్య కుటుంబముల పిల్లలకు దీనివలన దారి దొరికినది. కాని పండ్రెండేండ్లు చదివిన పిల్లవానిని "నీవెవరవు? నీకీ చదువు ఏల?" అని ఒక్కమారైనను ఎవరును అడుగరు. పదునెనిమిదవ యేట విదేశపు దరఖాస్తు తీసిన నాడు ఆ ప్రశ్న మొదటిసారి యెదురగును. అప్పుడు కలము ఆగిపోవును.

ఆగిన కలమునకు తోడు వచ్చువారు ముగ్గురు. మొదటివాడు డబ్బు పుచ్చుకొని వ్రాసి యిచ్చువాడు. రెండవది, నిరుడు చోటు సంపాదించిన అన్నగారి పాత కాగితము. మూడవది, అడిగినంతనే అల్లి యిచ్చు కంప్యూటరు. ఈ ముగ్గురిలో ఎవరిని నమ్మినను నష్టమే.

ఇంగ్లండు విశ్వవిద్యాలయముల మొదటి డిగ్రీ దరఖాస్తులు సాధారణముగా యూకాస్ అను సంస్థ ద్వారమున పోవును. ఆ సంస్థవారు 2007లో 50,000 నివేదనములను ఒకదానితో నొకటి పోల్చి చూచిరి. ఎనిమిదవ యేట రసాయనముల పెట్టెతో ఆడుకొనుచు పైజామాకు కన్నము కాల్చుకొంటినని 234 మంది వ్రాసియుండిరి! ఒక్క దేశమున అన్ని పైజామాలు కాలుచుండగా అగ్నిమాపక దళమువారు ఊరకుండిరా? ఎక్కడనో అచ్చుపడిన ఒక మాదిరి కాగితమును అందరును ఎత్తి వ్రాసికొనిరి. వానిలో మొదటిది నిజమే కావచ్చును. 234వది చదివినవారు దానిని నమ్ముదురా? నేడు ఆ సంస్థ ప్రతి నివేదనమును పోల్చి చూచుచున్నది. ఇతరుల వ్రాతను గాని, కృత్రిమ మేధ వ్రాసిన దానిని గాని తన వ్రాతగా పంపలేదని విద్యార్థిచేత ధ్రువీకరణమును గైకొనుచున్నది. కావున ఎరువు మాట మోసము మాత్రమే కాదు, వ్యర్థము కూడ.

మంచి నివేదనమెట్లుండునో తెలిసికొనుటకు మనము ఇంగ్లండు పోనక్కరలేదు. మన జార్జిటౌను అంగళ్ళకు కూతవేటు దూరమున, హార్బరు ప్రక్కన పోర్టు ట్రస్టు కచేరి యుండెను. అందు లెక్కల శాఖలో గుమాస్తాగా నుండిన శ్రీనివాస రామానుజన్ గారు 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని హార్డీ గారికి ఒక లేఖ వ్రాసిరి. వారు మన భాషవారు కాకున్నను మన పట్టణమువారు. అంతకుముందు నెల్లూరు కలెక్టరుగా నుండిన రామచంద్రరావుగారు వారి నోటుపుస్తకములను చూచి నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకొనిరి.

ఆ లేఖ నిర్మాణమును గమనింపుడు. తాను గుమాస్తాననియు, జీతము ఏడాదికి 20 పౌండ్లనియు మొదటనే చెప్పిరి. విశ్వవిద్యాలయపు చదువు తనకు పూర్తిగా లేదని దాచలేదు. కుంభకోణమున ఉపకారవేతనము పోయి, పచ్చయప్ప కళాశాలలో చదివియు ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవారాయన. బడి విడిచిన పిమ్మట దొరికిన తీరిక కాలమునంతయు గణితమున కెట్లు వినియోగించిరో చెప్పిరి. ఆపై గణితము తనకు ప్రాణమని వర్ణించుచు కూర్చుండలేదు. తాను కనుగొనిన సూత్రములను పుటలకొలది జతపరచిరి. వర్తకుల భాషలో చెప్పవలెనన్న, సరుకు గొప్పదని కేకలు వేయక నమూనా పంపిరి. హార్డీ గారు ఆ నమూనాను చూచియే పిలిపించిరి. 1914లో రామానుజన్ గారు ఓడ నెక్కిరి. 1918లో రాయల్ సొసైటీ సభ్యులైరి.

అందరును రామానుజన్‌లు కారు, నిజమే. కాని ఆ లేఖలోని మూడంగములు అందరికిని చెల్లును. ఉన్న స్థితిని ఉన్నట్లు చెప్పుట. తనంత తాను చేసిన పనిని చూపుట. ఇంకను నేర్వవలసినదానికై తగిన గురువు నడుగుట.

చేసిన పని యే విద్యార్థి తరఫున మాటలాడునని చెప్పుటకు మరియొక నిదర్శనము కలదు. మన పట్టణమున ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మగారిని ఎరుగనివారు మనలో లేరు. వారు కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనును ప్రైవేటుగా చదివి యుత్తీర్ణులైరి. పిమ్మట వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతిశాస్త్రము చదువగోరిరి. స్త్రీలకు వసతిగృహము లేదను కారణమున నాడు ఉపాధ్యక్షులుగా నుండిన కట్టమంచి రామలింగారెడ్డిగారు సందేహించిరి. అమ్మగారు మొరపెట్టుకొనుచు మరల మరల అర్జీలు పెట్టలేదు. వసతి లేక చదువు మానిన బాలికలెవరైన నున్నచో తనకు తెలుపుడని పత్రికలలో ప్రకటన వేయించిరి. వచ్చినవారితో వసతిగృహమును తామే యేర్పరచిరి. ఇక ప్రవేశము నిరాకరించుటకు కారణమేమి మిగిలినది? "నాకు పట్టుదల కలదు" అని వంద మంది వ్రాయగలరు. ఈ సంగతిని ఒక్కమారు వ్రాసినచో పట్టుదల యను మాటయే అక్కరలేదు.

ఇక మన పిల్లల సంగతికి వత్తము. మా కంటబడిన కాగితములలో సగము "బాల్యము నుండియు నాకు ఈ శాస్త్రమనిన మిక్కిలి మక్కువ, మానవాళికి సేవ చేయుట నా యాశయము" అని మొదలగును. ఇందు దోషము లేదు, సంగతియు లేదు. పేరు మార్చి యెవరు సంతకము చేసినను చెల్లును.

ఒక బాలిక అట్టి కాగితమునే తెచ్చినది. సెలవులలో నేమి చేయుదువని మేమడిగితిమి. నెల్లూరు వైపు నుండి వైద్యమునకు వచ్చు బంధువులతో, సెంట్రల్ స్టేషను ఎదుటి పెద్దాసుపత్రికి మాట సాయము పోవుదునని చెప్పినది. ఒకనాడు నర్సు ఒక ముసలమ్మను తమిళమున "మయక్కమా?" అని యడిగినదట. తల తిరుగుచున్నదా యని దాని భావము. ముసలమ్మ చెవికి అది మన మైకమువలె వినబడినది. "నేను తాగినదాననా!" యని కోపించి ఆమె లేచిపోబోయినదట. ఇరువురికిని నచ్చజెప్పి కూర్చుండబెట్టునప్పటికి తలప్రాణము తోకకు వచ్చినదని ఆ బాలిక నవ్వుచు చెప్పినది. ప్రజారోగ్యశాస్త్రము చదువగోరు పిల్లకు ఇంతకు మించిన సంగతి యేమి కావలెను? రోగి మాట వైద్యునికి తప్పుగా చేరినచో చికిత్సయు తప్పునని ఆమె కన్నులార చూచినది. ఆ సంగతి కాగితమున లేదు! అడుగగా, "అది ఇంటి సంగతి గదా" యన్నది.

ఇంటి సంగతియే కావలసినది. గోవిందప్ప నాయకుని వీధిలో తండ్రి అంగడిలో సాయంత్రములు కూర్చుండు బాలుడొకడు అర్థశాస్త్రము చదువదలచెననుకొందము. కందిపప్పు ధర వారము వారము వ్రాసిపెట్టెననుకొందము. ధర హెచ్చినపుడు కిలో కొనువారు అరకిలోకు దిగిరి గాని కొనుట మానలేదని గమనించెను. అప్పు పద్దులు మాత్రము పెరిగెను. పండుగ నెలలలో ఈ లెక్క ఏల తారుమారైనదో వానికి తెలియలేదు. ఆ తెలియనిదానినే వ్రాయవలెను. తెలియని చోటు చూపినవాడే విద్యార్థి. అన్నియు తెలిసినవానికి విశ్వవిద్యాలయమెందులకు?

వ్రాయు పద్ధతిని గూర్చి కొన్ని మాటలు. 2026 ప్రవేశముల నుండి యూకాస్ వారు ఒకే దీర్ఘవ్యాసమునకు మారుగా మూడు ప్రశ్నలు పెట్టిరి. ఈ చదువు ఏల కోరుచున్నావు? ఇంతవరకు చదివినది నిన్నెట్లు సిద్ధపరచినది? బడి వెలుపల నేమి చేసితివి, అది యెట్లుపయోగపడును? మూడింటికిని కలిపి, పదముల నడుమ ఖాళీలతో సహా 4000 అక్షరములు మించరాదు. ఏ యొక్కటియు 350కి తగ్గరాదు. ఒకే నివేదనము మీరు కోరిన అయిదు చోట్లకును పోవును. కావున అందు ఒక విశ్వవిద్యాలయమును పేరు పెట్టి పొగడిన మిగిలిన నాలుగింటిలో పరువు పోవును. అమెరికాలో పెక్కు కళాశాలలకు కలిపి పంపు కామన్ యాప్ వ్యాసమునకు 650 మాటలు హద్దు. అందు చదువు కంటె మనిషిని గూర్చి హెచ్చుగా అడుగుదురు. ఇంగ్లండునకు వ్రాసినది అటు పంపరాదు.

మేము చెప్పు ఉపాయము వర్తకులకు తెలిసినదే. మొదట చిట్టా, తరువాత ఆవర్జా. ఒక నెల దినములు చిట్టా వ్రాయుడు: చదివిన పుస్తకము, చేసిన పని, కలిగిన సందేహము, తేదీతో సహా. భాష కొరకు చూడవలదు. తెలుగో, తమిళమో, ఇంగ్లీషో, ఏది వచ్చిన నదియే. ఆ పిమ్మట ఒక్కొక్క పద్దును మూడు ప్రశ్నల ఖాతాలలోనికి ఎత్తుడు. ఏ ఖాతాకును చేరని పద్దును, ఎంత ముద్దైనను, కొట్టివేయుడు. ప్రతి గొప్ప మాట ప్రక్కన "రుజువేది?" అని వ్రాసికొనుడు. రుజువు లేనిచో మాటను తీసివేయుడు.

అటుపై ఇంగ్లీషున వ్రాసిన దానిని ఇంటిలో అవ్వకు తెలుగున చెప్పి చూడుడు. అవ్వకు అర్థమైనచో సంగతి కలదన్నమాట. చెప్పబోవగా నోట మాట రానిచో, అక్కడ పెద్ద మాటలు తప్ప వేరేమియు లేదన్నమాట. ఈ పరీక్షకు రుసుము లేదు. గడువులును గుర్తుంచుకొనుడు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలకును, వైద్యమునకును యూకాస్ దరఖాస్తు అక్టోబరు 15 నాటికే చేరవలెను. వేసవిలో మొదలిడనివారు అక్టోబరులో ఎరువు మాటలకు పరుగెత్తుదురు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఏ చదువు కోరవలెనో మీరు నిర్ణయించి, ఏల కోరితివో పిల్లవానిని వ్రాయుమన్నచో వాడేమి వ్రాయగలడు? ముందు వాని మాట వినుడు. అంగడిలో కూర్చుండుట, అవ్వను ఆసుపత్రికి తీసికొనిపోవుట సిగ్గుపడవలసిన పనులని వానికి నేర్పకుడు.

కడపట ఒక మాట. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడిన నాడు ఈ పట్టణము ఇటువైపు నిలిచినది. మన పెద్దలును ఇచ్చటనే నిలిచిరి. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు మన పిల్లల నిత్యజీవితము. 2006 నాటి తమిళ బోధన చట్టము పిమ్మట బడిలో తెలుగు వ్రాయు పిల్లలు తగ్గిరి. మూడు భాషల నడుమ పెరిగిన పిల్లకు ఏ భాషలోను తన సంగతి తాను చెప్పుకొన రాకుండుట మనకు తగునా? విదేశపు చోటు దొరకవచ్చును, దొరకకపోవచ్చును. మంచి నివేదనము వ్రాసినను తిరస్కారములు వచ్చును. కాని ఒక నెల తన చిట్టా తాను వ్రాసికొనిన పిల్లకు తానెవరో తెలియును. ఆ తెలివి కొలువు వెదకుకొను నాడును అక్కరకు వచ్చును.

చిట్టాలు తెచ్చినచో చదివి, రుజువేదని అడుగుటకు మన సంఘమున మేమును మరి కొందరు పెద్దలును సిద్ధముగా నున్నాము. వ్రాసి యిచ్చుటకు మాత్రము కాదు.