మింటి గుర్తులు

ఎచ్చెర్ల రైతు నారుమడి దున్నకముందు, బుడగట్లపాలెము జాలరి తెప్ప త్రోయకముందు మొదట చూచునది ఆకాశమునే. చంద్రునిచుట్టు గుడి కట్టినచో దానిని కంటితోనే కొలుతురు: దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరపు వాన. ఇది వట్టి నమ్మకము కాదు. మిక్కిలి యెత్తుననుండు పలుచని మేఘములలోని మంచుస్ఫటికములు వెన్నెలను వంచుటచే పెద్దగుడి ఏర్పడును. తుపాను తనకు ముందుగా పంపునవి తరచు అట్టి మేఘములే. చిన్నగుడిని కట్టునవి నీటిబొట్లు. అయినను గుడి కట్టిన ప్రతిసారియు వాన కురియదు. ఈ సంగతి రైతులెరుగుదురు, పంచాంగకర్తలే ఒప్పుకొనరు!

6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో, మేఘము గర్భము దాల్చిన 195 దినములకు వర్షము ప్రసవించునని లెక్క గట్టెను. ఆ లెక్క నిలువలేదు గాని, నెలల తరబడి మింటిని గమనింపవలెనన్న పట్టుదల గొప్పది.

తుపాను ఎప్పుడు, ఎచట తీరము దాటునో మాత్రము మబ్బు చెప్పజాలదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చినది. ఆ చీకటిలో చూచుటకు గుడియు లేదు, చుక్కయు లేదు. ఒడ్డువారికి మిగిలిన గుర్తు వాతావరణశాఖ ముందుగా పంపిన హెచ్చరికయే.