ఆగిన బండి ప్రక్కగా
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపైనుండి లారీలను గురించియు, అంబులెన్సులను గురించియు మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. నేను ఆర్ట్సు పట్టభద్రుడను. సచివాలయములో కాగితములతో కాలము గడుపువాడను. లారీ స్టీరింగు పట్టినవాడను కాను. అయినను ఈ విషయమును చెప్పుటకు ఇంతకన్న తగిన సభ నాకు దొరకదు. ఏలయన, ఆగిన బండిని గురించి ఖరగ్‌పూరు వారికి తెలిసినంతగా ఇతర పట్టణముల వారికి తెలియదు.

పరుగెత్తు బండియే ప్రమాదకరమని లోకము అనుకొనును. రైల్వేవారు అట్లు అనుకొనరు. వేళకు నడచు బండికి సిగ్నళ్ళు కాపు కాయును. రెండు స్టేషనుల నడుమ, అనుకొనని చోట ఆగిపోయిన బండికి మనుష్యుడే కాపు కాయవలెను. అట్టి సమయమున, ప్రక్క లైనుకు అడ్డము కలిగినదేమో యను అనుమానము పుట్టినచో, ఇంజను డ్రైవరు చేయు మొదటి పని ఫ్లాషరు దీపమును వెలిగించుట. ఆరి వెలుగుచుండు ఆ పసుపుపచ్చ దీపమును చూచిన ఎదుటి డ్రైవరు కారణము అడుగుచు కూర్చుండడు. ముందు తన బండిని ఆపును. పిమ్మట బ్రాడ్‌గేజి లైనుపై 600 మీటర్ల దూరమున ఒక డిటోనేటరును, 1200 మీటర్ల దూరమున పదేసి మీటర్ల ఎడముగా మూడు డిటోనేటర్లను పట్టాలపై అమర్చుటకై ఒక మనిషి పగలైన ఎర్రజెండాతోను, రాత్రియైన ఎర్రదీపముతోను బయలుదేరి నడచిపోవును. వెనుకవైపు ఆ పని చేయువాడు గార్డు. 2022లో ఆయనకు ట్రైన్ మేనేజరని క్రొత్త పేరు పెట్టినారు. పేరు పెద్దదైనది గాని, చీకటిలో కంకరరాళ్ళపై నడచు ఆ నడక మాత్రము ఏమియు తగ్గలేదు.

ఇది ఈ పట్టణమువారికి పుస్తకములోని నియమము మాత్రమే కాదు. 2010 మే 28న, అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఖెమాశూలి–సర్డిహా స్టేషనుల నడుమ జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్సు పట్టాలు తప్పినది. ప్రక్క లైనుపై పడిన పెట్టెలను ఎదుటినుండి వచ్చిన గూడ్సు బండి ఢీకొన్నది. దానికి ఆగుటకు వ్యవధి చిక్కలేదు. 140 మందికి పైగా మరణించిరి. 2023 జూన్ 2 సాయంకాలమున బహనాగా బజారు స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్సు లూపులైనులో నిలిచియున్న గూడ్సును ఢీకొనగా, చెదరిన పెట్టెలు ప్రక్క లైనున పోవుచున్న బెంగళూరు–హౌరా బండి చివరి పెట్టెలకు తగిలినవి. 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఈ రెండు చోట్లును ఖరగ్‌పూరు డివిజనులోనివే. ఈ సభలో ఉన్నవారిలో ఆ రాత్రులు డ్యూటీలో నున్నవారు ఉందురు. వారి ఎదుట నేను అంతకన్న వివరింపనక్కరలేదు. మొదటి ప్రమాదము జరిగిన చోటికి రెండవ ప్రమాదము వచ్చునని మనకు తెలిసినది. నేను చెప్పదలచినది కూడ ఆ రెండవ ప్రమాదమును గురించియే. కాని పట్టాలపై కాదు, తారురోడ్డుపై.

రైలుస్టేషను విడిచి చౌరంగీ కూడలికి పోయి ఒక అరగంట నిలిచి చూడుడు. ముంబయి వైపు పోవు 49వ నంబరు జాతీయ రహదారియు, చెన్నపట్టణము పోవు 16వ నంబరు రహదారియు అచ్చట కలియును. ఈ రెండవది మన దారి. బాలేశ్వరము, కటకము, భువనేశ్వరము దాటి, ఇచ్ఛాపురము వద్ద ఆంధ్రదేశములో ప్రవేశించి, శ్రీకాకుళము, విశాఖపట్టణము, విజయవాడ, నెల్లూరుల మీదుగా పోవు దారి. మన పెద్దలు వర్కుషాపు ఉద్యోగములకై రైలెక్కి వచ్చిరి. నేడు మన చేపలు లారీలెక్కి వచ్చుచున్నవి. గోదావరి, కృష్ణా మండలముల చెరువులలోని శీలావతియు, బొచ్చెయు ఐసు నింపిన పెట్టెలలో ఈ దారినే హౌరా చేరును. ఐసు కరగక మునుపే సరకు సంతకు చేరవలెను. సరకు ఆలస్యమైన ధర పడిపోవును. ధర పడిన షావుకారు ఫోను మ్రోగును. కావున డ్రైవరు కాలు యాక్సిలరేటరుపైనుండి సులభముగా లేవదు. అతడు దుర్మార్గుడు కాడు. రెండు రాత్రుల నిద్రను కనురెప్పలపై మోయుచు వచ్చుచున్న మనవాడు.

అట్టి లారీకి ఎదురుగా, డేబ్రా సమీపముననో, బేల్దా సమీపముననో, ఎడమ వరుసలో ఒక అంబులెన్సు నిలిచియున్నదనుకొందము. ప్రమాదము జరిగినది; గాయపడినవానిని ఎక్కించుచున్నారు. ఇక్కడ ఒక సంగతి గమనింపుడు. అంబులెన్సు తలుపు వెనుకవైపున ఉండును. స్ట్రెచరును దింపుటయు, ఎక్కించుటయు ఆ తలుపునుండియే. అనగా రోగియు, సేవకులును నిలువవలసిన చోటు అంబులెన్సునకును, వెనుకనుండి వచ్చు లారీలకును నడుమ. వారి వీపులు మనవైపు, కన్నులు రోగివైపు. చెడిన బండిని లాగుకొనిపోవు క్రేను మనిషి గొలుసు తగిలించుటకు నేలపై మోకరిల్లి యుండును. రోడ్డుపై టోపీలు నిలుపు పోలీసు కానిస్టేబులు మూడు వైపుల చూడగలడు గాని నాలుగవ వైపు చూడలేడు. వీరెవ్వరికిని 1200 మీటర్ల వెనుక డిటోనేటరు అమర్చు గార్డు లేడు. వారికున్నది తలపై తిరుగు ఆ దీపము ఒక్కటే.

ఆ దీపమును గూర్చి ఒక్క మాట. 2017 మే 1వ తేదీ నుండి మంత్రుల, అధికారుల కార్లపై దీపములు తీసివేయబడినవి. మా వర్గములో కొందరికి అది కొంత కష్టముగనే యుండినది. కాని అది మంచిదైనది. అంతవరకు ఆ దీపము కనబడినచో "ఎవరో పెద్దలు వచ్చుచున్నారు" అని అర్థము. ఇప్పుడు "ఎవరో ఆపదలో ఉన్నారు" అని అర్థము. రోడ్డుపై నిలిచిన దీపమునకు ఇంకొక అర్థము కూడ కలదు: "ఇచ్చట మనుష్యులు కాలినడకన ఉన్నారు" అని. ఆ అర్థమును ఇంకను మనవారు నేర్చుకొనలేదు.

ఆగిన దీపము వద్దకు రెండవ ప్రమాదము వచ్చుట ఊహ కాదు. 2023 జూలై 20 తెల్లవారకమునుపే అహమ్మదాబాదు ఇస్కాన్ వంతెనపై మొదట ఒక వాహనము లారీని గ్రుద్దినది. పోలీసులు వచ్చిరి, జనులు మూగిరి. అంతలో అతివేగముగా వచ్చిన కారు ఆ గుంపుమీదికి దూసికొనిపోయినది. మరణించిన తొమ్మండుగురిలో ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు కలరు. కారుకే అంతటి బలమున్నచో, మూడు ఇరుసుల లారీ నిండు బరువు చట్టము ప్రకారమే 28.5 టన్నులని గుర్తుంచుకొనుడు.

లెక్క చూతము, చిన్న లెక్కయే. నాలుగు వరుసల రహదారిపై లారీకి అనుమతించిన గరిష్ఠ వేగము గంటకు 80 కిలోమీటర్లు. అనగా సెకనుకు 22 మీటర్లు. దీపము కనబడి, విషయము బుద్ధికి తట్టి, కాలు బ్రేకుపై పడుటకు రెండు సెకన్లు పట్టినచో 44 మీటర్లు గడచిపోవును. అలసినవానికి ఇంకను ఎక్కువ పట్టును. పిమ్మట బ్రేకు చక్కగా పట్టిన, ఎండిన రోడ్డుపై, మరి 60 మీటర్లు. మొత్తము నూరు మీటర్లు దాటినది. అదే లారీ 40 కిలోమీటర్ల వేగముతో వచ్చుచున్నచో ఈ మొత్తము 40 మీటర్లకు లోపలనే. వేగము సగమైనది; బ్రేకు పట్టిన తరువాతి దూరము నాలుగవ వంతైనది. పుష్యమాసపు మంచులోను, కాలబైశాఖి వానలోను ఈ లెక్క ఎట్లు మారునో మీరే ఊహించుకొనగలరు.

ఇంతకన్న అపాయకరమైనది లారీల వరుస. ముందు లారీ డ్రైవరు దీపమును చూచి చివరి క్షణమున కుడివైపునకు త్రిప్పును. వాని వెనుక ఇరువది మీటర్ల దూరమున వచ్చుచున్నవానికి అంతవరకు కనబడినది ముందు లారీ వెనుక తలుపు మాత్రమే. తెర తొలగినట్లు లారీ తొలగగా ఎదుట అంబులెన్సు! వానికి ఇక త్రిప్పుటకు చోటు లేదు, ఆపుటకు దూరము లేదు. కావున మొదటివాడు త్రిప్పుట మాత్రము చాలదు. ముందుగా త్రిప్పవలెను, త్రిప్పునట్లు వెనుకవానికి తెలుపవలెను.

అనుభవజ్ఞులైన డ్రైవర్లనుండి విన్నది ఇది. దూరమున దీపము కనబడగనే కాలు యాక్సిలరేటరుపైనుండి తీయవలెను. గేరు తగ్గించినచో ఇంజనే బండిని పట్టుకొనును. నాలుగు ఇండికేటర్లు ఒక్కసారిగా వెలిగించి వెనుకవానిని మేల్కొల్పవలెను. తరువాత కుడి ఇండికేటరు వేసి, అద్దములో చూచి, అవకాశమున్నచో ఒక వరుస పూర్తిగా విడిచి కుడి వరుసలోనికి పోవలెను. క్లీనరు మేలుకొనియున్నచో వానిచే చూపించవలెను. చోటు లేనిచో ఎడమ వరుసలోనే, మనిషి పరుగెత్తు వేగమునకు కొంచెము మించి, నింపాదిగా దాటిపోవలెను. హారను మ్రోగింపరాదు; ఆ శబ్దమునకు ఉలికిపడినవాడు ఏ వైపు గంతువేయునో ఎవరెరుగుదురు? పెద్ద లారీ వేగముగా దాటినపుడు పుట్టు గాలితాకిడికి నిలిచిన మనిషి తూలును, స్ట్రెచరు కదలును; కాబట్టి ప్రక్కన చోటున్నను వేగము తగ్గింపక తప్పదు. అన్నింటికన్న కష్టమైనది ఒకటి: అటు చూడకుండుట. చక్రము కన్ను పోయినవైపునకే పోవును.

అన్య దేశములలో దీనికి చట్టములే కలవు. అమెరికాలో దక్షిణ కెరొలైనా రాష్ట్రము 1996లో మొట్టమొదట, నిలిచిన అత్యవసర వాహనమును దాటునపుడు ప్రక్క వరుసకు తొలగుమని, తొలగ వీలుకానిచో వేగము తగ్గింపుమని శాసించినది. 2012లో హవాయి కూడ చేరుటతో ఏబది రాష్ట్రములలోను ఆ నియమము వచ్చినది. దక్షిణ ఆస్ట్రేలియాలో అట్టి దీపము ప్రక్కగా పోవునపుడు 25 కిలోమీటర్లు మించరాదు. మన దేశమున 2019లో మోటారు వాహనముల చట్టమునకు 194-ఇ అను సెక్షను చేర్చినారు. ఫైరింజనునకు, అంబులెన్సునకు దారి ఈయనివానికి ఆరు నెలలవరకు జైలు, లేక పదివేల రూపాయల జరిమానా, లేక రెండును. చాల మంచి సెక్షను. కాని కాగితములు చదువుటయే వృత్తియైన నా కన్నులు అందులో ఒక మాట వద్ద ఆగిపోయినవి. అది "సమీపించుచున్న" వాహనమును గురించి చెప్పును. సైరను మ్రోగించుచు వెనుకనుండి వచ్చునపుడు ప్రక్కకు తొలగవలెను. అదే వాహనము ఆగి, సైరను ఊరకుండి, మనుష్యులు రోడ్డుపైకి దిగినపుడు, అనగా వారికి నిజముగా ఆపద కలిగిన ఆ క్షణమున, ఆ సెక్షను కూడ ఊరకుండును. "నిలిచియున్న" అను ఒక్క మాటను చేర్చుట ఎంత పని? ఒక్కొక్కప్పుడు ఒక మాట చేర్చుటకు మా కార్యాలయములలో ఎంతకాలము పట్టునో మీరు నన్నడుగకుడు. అంతవరకు అంబులెన్సు సేవకులు ఆగరుగదా!

న్యాయముగా చెప్పవలెనన్న, లారీవారికి ఈ కాపు కాయు విద్య బొత్తిగా తెలియదనరాదు. తమ లారీ చెడిపోయినపుడు వారు వెనుక కొంత దూరమున చెట్టుకొమ్మలు పరచుదురు, రాళ్ళు పేర్చుదురు. అది వారి డిటోనేటరు. గార్డు నడకకు, ఆ కొమ్మకు మూలమైన బుద్ధి ఒక్కటే. అయితే దూరము చాలదు. బండి బాగుపడి పోవునపుడు ఆ రాళ్ళను అక్కడనే వదలిపోవుటయు కద్దు, రాత్రివేళ మోటారు సైకిలువానికి అవే యమపాశములగును. కాని పరులకు మన కొమ్మ కనబడవలెనని తెలిసినవానికి, పరుల దీపమును మనము చూడవలెనని చెప్పిన తప్పక బోధపడును.

చెప్పవలసినవారెవరు? మీరే అని నా మనవి. దీనికి నిధులు అక్కరలేదు. మన సంఘములో ఇంజను నడిపి విశ్రాంతి పొందినవారు, గార్డులుగా పనిచేసినవారు ఉన్నారు. చౌరంగీకి ఆవల ఆంధ్ర నంబరు ప్లేట్ల లారీలు భోజనమునకు ఆగు దాబాలు ఉన్నవి. నెలకొక ఆదివారము ఇద్దరు ముగ్గురు పోయి, వారి ప్రక్కన మంచముపై కూర్చుండి, ఫ్లాషరు దీపమును గురించి మాటల్లో పెట్టిన చాలును. రోడ్డుపై ఆపద చూచినపుడు 112కు గాని, రహదారి సంస్థ నంబరు 1033కు గాని ఫోను చేయవచ్చునని కూడ చెప్పవలెను. ఆగి సాయపడిన లారీవానిని పోలీసులు వేధింపకుండ 2019 చట్టములోని 134-ఎ సెక్షను కాపాడును. ఈ సంగతి తెలియకనే చాలమంది చూచియు చూడనట్లు పోవుచున్నారు.

తెలుగున, ఒడియాలో, వంగభాషలో, హిందీలో ఒక పుటకు మించని చిన్న కరపత్రము ఒకటి అచ్చువేయించుటకు కార్యవర్గము అంగీకరించినచో, తెలుగు ముసాయిదాను నేను వ్రాసి ఇచ్చెదను. దానిని సరిదిద్దవలసినది మాత్రము నేను గాని, మా కార్యాలయము గాని కాదు, లారీ నడిపినవారు.