ఇంద్రావతి నుంచి కోరంగి దాకా



బస్తర్‌కు సముద్రం లేదు. జగదల్‌పూర్‌లో ఉండే మాకు సముద్రమంటే పటంలో కనిపించే నీలిరంగు. అయినా ఈనాటి ప్రసంగానికి సముద్రం ఒడ్డున ఉన్న ఒక సహజ వృక్షోద్యానాన్ని, దాని పొరుగున ఒకప్పుడు వెలసిన ఒక తోటను అంశంగా తీసుకున్నాను. కారణం చెబుతాను. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి మా ఊరి పక్కగా పారి, చిత్రకూట్ దగ్గర జలపాతమై దూకి, పడమటగా ప్రయాణించి గోదావరిలో కలుస్తుంది. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. వాటిలో గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దగ్గరలో, కోరంగి మడ అడవి ఉంది. అంటే మా అడవుల మీద కురిసిన వానలో కొంత భాగం చివరికి చేరేది అక్కడికే.

కొన్నేళ్ల కిందట మా విద్యార్థులను ఆ అడవి చూపించడానికి తీసుకువెళ్లాను. సుక్మా, కోంటా, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు దిగి, రాజమండ్రి చేరి, అక్కడి నుంచి కాకినాడ వెళ్లాం. బయలుదేరినప్పుడు కిటికీలోంచి సాల వృక్షాలు కనిపించాయి. దక్షిణానికి వచ్చేకొద్దీ టేకు ఎక్కువైంది. రాజమండ్రి దాటాక కొబ్బరి తోటలు మొదలయ్యాయి. ఒక్క రోజు ప్రయాణంలోనే నేల, వాన, ఎత్తు మారితే వృక్షజాలం ఎలా మారుతుందో పిల్లలు కళ్లారా చూశారు.

బురదలో ఊపిరి

కోరంగిని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ చెట్ల మధ్య నుంచి నడవడానికి చెక్కబాట ఉంది. మేము వెళ్లేసరికి ఆటు సమయం. నీరు వెనక్కు తగ్గి బురద బయటపడింది. ఆ బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్లు వేలాది పుల్లలు నిలబడి ఉన్నాయి.

"సార్, ఇవి చచ్చిపోయిన మొక్కల మొదళ్లా?" అని ఒక అమ్మాయి అడిగింది.

చచ్చినవి కావు, ఊపిరి పీల్చుతున్నవి. వేళ్లకు కూడా ఆక్సిజన్ కావాలి. మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య ఉన్న గాలి నుంచి అది అందుతుంది. నీటితో నిండిన ఒండ్రుమట్టిలో గాలి చొరబడదు. అందుకని మడచెట్టు తన వేళ్ల నుంచి కొమ్మల వంటి భాగాలను పైకి పంపుతుంది. వీటినే శ్వాసమూలాలు అంటారు. వాటి మీద ఉన్న సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది.

రెండో సమస్య ఉప్పు. మడచెట్టు ఉప్పులో చాలా భాగాన్ని వేళ్ల దగ్గరే ఆపుతుంది. లోపలికి వచ్చిన దానిని ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. ఎండవేళ ఆకును వేలితో తుడిచి నాలుకకు తాకించుకుంటే ఉప్పగా ఉంటుంది. కానీ ఏ ఆకునంటే ఆ ఆకును ఇలా రుచి చూడకండి. ఆ అడవిలోనే తిల్ల అనే చెట్టు ఉంది. దాని పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట పుట్టి కన్ను దెబ్బతినవచ్చు.

మూడో సమస్య విత్తనం. ఆటుపోట్లకు విత్తనం కొట్టుకుపోతే మొలకెత్తేది ఎక్కడ? ఉప్పుపొన్న దీనికి ఉపాయం కనిపెట్టుకుంది. దాని విత్తనం తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవైన కాయలా వేలాడుతుంది. రాలినప్పుడు కొన్ని మొలకలు అక్కడే బురదలో గుచ్చుకుంటాయి, మిగిలినవి తేలిపోయి మరో చోట నాటుకుంటాయి. దీనినే వివిపరీ అంటారు.

ఈ అడవి నిలబడిన ఒండ్రు ఎక్కడిది? పై నుంచి నదులు తెచ్చినది. అందులో ఇంద్రావతిది, శబరిది కూడా వాటా ఉంది. ఆ ఒండ్రు దారిలో ఆనకట్టల వెనుక ఆగిపోతే తీరం కోతకు గురవుతుంది. మడ అడవి పోతే తుఫాను అలల తాకిడిని తగ్గించే అడ్డు పోతుంది.

సామర్లకోట తోట

కోరంగి నుంచి సామర్లకోట దూరమేమీ కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాటిష్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1781లో అక్కడికి వచ్చి ఒక ప్రయోగ తోట వేశాడు. ఉత్తరపు కొండల్లో అడవిగా పెరిగే మిరియపు తీగను తెచ్చి పెంచాడు. కాఫీ, దాల్చిన వంటివి కూడా నాటాడు. తీరంలోని మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు.

1787 మే నెలలో పెను తుఫాను వచ్చి సముద్రం కోరంగి మీద పడింది. వేలమంది చనిపోయారు. రాక్స్‌బర్గ్ పుస్తకాలు, కాగితాలు, ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు ఆ ఉప్పెనలో పోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి సేకరణ ప్రారంభించాడు. ఆ వెంటనే, 1789 తరువాత, వరుసగా వానలు లేక ఉత్తర సర్కారులలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు ఆయన ప్రభుత్వానికి చేసిన సూచన గమనించదగ్గది. వరి ఒక్కదానినే నమ్ముకోకుండా కొబ్బరి, పనస వంటి ఆహారమిచ్చే చెట్లను విరివిగా నాటాలన్నాడు. 1787లో కలకత్తా దగ్గర శిబ్‌పూర్‌లో ప్రారంభమైన వృక్షోద్యానం వెనుక కూడా కరువు భయం ఉంది. 1793లో రాక్స్‌బర్గ్ ఆ ఉద్యానానికే అధిపతిగా వెళ్లాడు. వృక్షోద్యానం పూలు చూసి వచ్చే పార్కు కాదు, రేపటి అవసరానికి మొక్కలనూ వాటి గురించిన జ్ఞానాన్నీ దాచుకునే గిడ్డంగి అని ఇందువల్ల తెలుస్తుంది.

పేరు ఎవరిది?

కోరమాండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బర్గ్ రాసిన గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడింది. అందులో మా బస్తర్ చెట్లు ఉన్నాయి. బీడీ ఆకు ఇచ్చే తునికి, పూలు రాల్చే ఇప్ప, వేగిస, సాల వృక్షం అన్నీ ఉన్నాయి. తునికి శాస్త్రీయ నామం డయోస్పైరాస్ మెలనాక్సిలాన్. ఆ పేరు చివర "రాక్స్‌బ." అని రాస్తారు. అంటే ఆ పేరును ప్రచురించినవాడు రాక్స్‌బర్గ్ అని అర్థం. సాలకు షోరియా అనే ప్రజాతి నామం కూడా, గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు మీద, ఆయన పెట్టినదే.

ఈ సంగతి చెప్పగానే గోండు కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు అడిగాడు. "సార్, మా తాతలకు ఈ చెట్టు అంతకు ముందే తెలుసు కదా. మరి ఆయన పేరెందుకు?"

మంచి ప్రశ్న. శాస్త్రీయ నామం చివర ఉండే పేరు, ఆ చెట్టును మొదట తెలుసుకున్న మనిషిది కాదు. నియమం ప్రకారం వర్ణించి మొదట ప్రచురించిన మనిషిది. రాక్స్‌బర్గ్ కూడా మొక్కల తెలుగు పేర్లనూ ఉపయోగాలనూ ఇక్కడి ప్రజలను అడిగే తెలుసుకున్నాడు, తన గ్రంథంలో ఆ తెలుగు పేర్లను అచ్చు వేయించాడు. చెప్పినవారి పేర్లు మాత్రం మనకు మిగలలేదు. తెలిసి ఉండటం ఒకటి, రాసి ఉంచటం మరొకటి. రాయని జ్ఞానం తెలిసిన మనిషితోనే పోతుంది. మా అమ్మమ్మ గుర్తుపట్టే మొక్కలలో సగం నాకు తెలియవు. ఆమె ఉండగా నేను అడగలేదు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివినవాణ్ని, ఈ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

అందుకని మీకు ఒక పని అప్పగిస్తాను. మీ ఊరిలో పది మొక్కలు ఎంచుకోండి. పూతతో ఉన్న చిన్న కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, బరువు ఉంచి, కాగితాలు రోజూ మారుస్తూ ఎండబెట్టండి. అరుదైన మొక్కలను, అభయారణ్యంలోని మొక్కలను తుంచవద్దు, వాటికి బొమ్మ గీస్తే చాలు. ప్రతిదాని పక్కన తేదీ, చోటు, మీ ఇంటి భాషలో పేరు రాయండి. అది తెలుగు కావచ్చు, గోండి కావచ్చు, హల్బీ కావచ్చు. చివరగా, ఆ పేరును, ఉపయోగాన్ని మీకు చెప్పినవారి పేరు తప్పకుండా రాయండి.

రాక్స్‌బర్గ్ సేకరణను ఒక ఉప్పెన తీసుకుపోయింది. మన ఇళ్లలోని జ్ఞానం పోవడానికి ఉప్పెన అక్కరలేదు, అడగకుండా ఉంటే చాలు. ఈ సాయంత్రమే మీ ఇంట్లో పెద్దవారిని అడగడం మొదలుపెట్టండి. సెలవు.