మాస్టారి చేతక్



మన సైన్సు మాస్టారు చేతక్ కొన్నది 1983లో. డబ్బు కట్టాక కూడా బండి కోసం ఏళ్ల తరబడి కాచుకునే రోజులవి. ఆదివారాలు ప్లగ్గు విప్పి మసి గీకడం, లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కొలిచి కలపడం నా పని. బండిని పక్కకి వంచి కిక్కు కొట్టడమూ అక్కడే నేర్చాను. నడపడం మాత్రం నేర్పలేదు.

ఎదుర్లంక వారధి అప్పటికి లేదు. రావులపాలెం చుట్టూ తిరగలేక కాకినాడకి కోటిపల్లి రేవు దాటేవారం. ఒకరోజు ముక్తేశ్వరంలో పంటు వచ్చేలోగా టీ తాగొస్తానని తాళం నాకిచ్చారు. గట్టు మీద ఓ రౌండు వేశాను. ఎదురుగా కొబ్బరికాయల ఎడ్లబండి! సైకిలు అలవాటుకొద్దీ ఎడమచేతి లివరు గట్టిగా పట్టేశాను. చేతక్‌కి అది క్లచ్చి. బండి వాలున జారి పంటకాలువలో పడింది.

మాస్టారు పరుగున వచ్చి ముందు నా మోచేయి చూశారు, తర్వాతే బండి. ప్లగ్గు తీసి కిక్కు కొడుతూ సిలిండర్లో నీళ్లు కక్కించాం. కార్బురేటరు ఒంపి తుడిచాం. ఎన్ని కిక్కులకో పొగ చిమ్మింది. పంటు ఎప్పుడో వెళ్లిపోయింది.

"ఏమైందిరా?" అంటే "బ్రేకు పట్టలేదండి" అన్నాను.

ముందు వారమే బ్రేకు బిగించిన మెకానిక్కు దగ్గరికి మాస్టారు మరి వెళ్లలేదు. తర్వాత నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆయనకీ చెప్పలేకపోయాను. ఇప్పుడాయన లేరు.

మాస్టారూ, మీరు ముందు వరసలో ఉన్నారు కనక చెబుతున్నాను. ఆ బ్రేకు బాగానే ఉందండి.